తుండుగుడ్డ కింద నూలు మిల్లు

మద్రాసు,
12 జనవరి 1958

పూజ్యులైన రాజారత్నం మామయ్య గారికి,

మేనల్లుడు జీవరత్నం నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ నేను కులాసా. మీరూ పిచ్చమ్మ అత్తయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం చదివాక ఎవరికీ చూపించకండి. మా కంపెనీ వాళ్ళు ఆంధ్రలో కొత్తగా నూలు మిల్లు పెట్టాలనుకుంటున్నారు. ఏ ఊళ్ళో అన్నది తేలలేదు. వడగట్టగా రెండు ఊళ్ళు మిగిలాయి. ఆ కాగితం టైపు చేసింది నేనే. ఒకటి కృష్ణకు అవతలి ఊరు. రెండోది మన నరసరావుపేట.

జిన్నింగు మిల్లు మూతపడ్డాక ఊరి చివర మన పేట మగవాళ్ళంతా సాగర్ డ్యాము దగ్గర రాళ్ళు కొట్టుకోవడానికి పోయారనీ, ఆదివారం చర్చిలో ఆడవాళ్ళే కనిపిస్తున్నారనీ మీరు క్రిస్మస్‌కు రాశారు. ఓట్లప్పుడు మీరు వాళ్ళకు ఊళ్ళోనే పని తెస్తానని మాటిచ్చారు. ఈ ఏడు తేలేకపోతే కౌన్సిలరు పదవి వదులుకుంటానని అన్నారట, అమ్మ రాసింది. అందుకే ఇది మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

మా యజమాని ముదలియార్ గారు, మీ ఊరి సంగతులు రాసి పంపండని రెండు మునిసిపాలిటీలనూ అడుగుతున్నారు. మన ఊరి తరఫున మీరే రాయండి. తెలుగులో చాలు, ఇంగ్లీషులోకి నేను మారుస్తాను. మంచి మాటలు రాయండి. ఊరు చూడకముందే ఇష్టపడేట్టు ఉండాలి.

ఇట్లు,
మీ జీవరత్నం

తా.క.: అవతలి ఊరివాళ్ళు అడక్కముందే ఉత్తరంతోపాటు బుట్టెడు మామిడి తాండ్ర పంపారు. ఆఫీసులో అందరం తిన్నాం. విచారించాల్సిన సంగతేమిటంటే, అది చానా బాగుంది.


నరసరావుపేట,
20 జనవరి 1958

చిరంజీవి జీవరత్నానికి,

మామయ్య దీవించి రాసేది. ప్రభువు దయవల్ల అందరం తింటున్నాం, తిరుగుతున్నాం.

నీ ఉత్తరం ఎవరికీ చూపలేదు. మీ అత్తయ్యకు చదివి వినిపించాను, అంతే. సాయంత్రానికి వెంకట్రామయ్య మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కౌన్సిలులో అవతలి పార్టీ పెద్ద ఆయనే గదా. నేను అవునన్నదాన్ని కాదనడానికి తప్ప నాతో నోరు విప్పి ఎన్నేళ్ళయిందో. "ఏంది రాజారత్నం, ఊరికి మిల్లు తెస్తా నాకు చెప్పవా?" అన్నాడు. రైలుగేటు పక్క పొలం ఆయనది. మిల్లుకు అంతకన్నా అనువైన చోటు లేదు. ఇస్తానన్నాడు. మా అరుగు మీద మజ్జిగ కూడా తాగాడు.

కంపెనీకి ఉత్తరం వేరే కవరులో పంపుతున్నాను. మంచి మాటలు రాయమన్నావు. నువ్వు చదువుకున్నావు గానీ సంతలో నిలబడలేదు. నేను మీసం రాకముందు నుంచీ ఎద్దుల బేరాలు చేస్తున్నాను. అమ్మేవాడు ముందు దోషాలు చెప్పాలి. సుడి ఎక్కడుంది, ఏ కాలు ఈడుస్తుంది, దేన్ని చూస్తే బెదురుతుంది, అన్నీ. దాచి అమ్మితే ఎద్దు తిరిగి వస్తుంది, దాని వెనక కొన్నవాడి బావమరుదులు వస్తారు. కాబట్టి ఊరి దోషాలన్నీ రాశాను. ఎండాకాలం బావుల నీళ్ళు ఉప్పగా ఉంటాయని, మంచినీళ్ళు పీపాల బండి మీద వస్తాయని రాశాను. గాలి వీస్తే కరెంటు పోతుందని రాశాను. గొట్టాల కోసం తవ్విన స్టేషను రోడ్డును, పూడ్చే కాంట్రాక్టు ఎవరి మనిషికివ్వాలో తేలక అట్లాగే వదిలేశామని రాశాను. కౌన్సిలులో రెండు పార్టీలున్నాయని, ఒకదానికి పెద్దను నేనేనని కూడా రాశాను.

మంచి ఒక్కటీ రాయలేదు. అది కొనేవాడు తన కళ్ళతో చూసుకోవాలి. అమ్మేవాడే పొగిడితే గొడ్డుకు లోపల ఏదో జబ్బుందని సంతంతా అనుకుంటుంది.

ఇట్లు,
మీ మామయ్య రాజారత్నం

తా.క.: తాండ్రకు జవాబుగా గోంగూర పచ్చడి పంపుదామని మీ అత్తయ్య జాడీ కట్టింది. రైల్లో పగిలిందంటే ఊరి దోషాల్లో అదొకటి చేరుతుందని నేనే ఆపాను. మేమే తింటున్నాం.


మద్రాసు,
9 ఫిబ్రవరి 1958

పూజ్యులైన మామయ్య గారికి,

నమస్కారాలు. మీ కవరు ఆఫీసుకు వచ్చిన రోజున నేను గవదలు వాచి ఇంట్లో పడుకుని ఉన్నాను. లేకపోతే ఆ ఉత్తరం అట్లా పోనిచ్చేవాణ్ణి కాదు. నా పక్క కుర్చీ ఆరోగ్యస్వామికి తెలుగు వచ్చు. నిజాయితీపరుడు. ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషు చేసి ముదలియార్ గారి బల్ల మీద పెట్టాడు. "మా చైర్మన్ మంచివాడే, భోజనమయ్యాక మాత్రం పనికిరాడు" అన్నది కూడా.

ముదలియార్ గారు చదివి మేనేజరుకు ఇచ్చారు. మేనేజరు చదివి ఇంజనీరు నటేశయ్యర్ గారికి ఇచ్చారు. ఏ ఊరూ తన గురించి ఇట్లా రాసుకోదని, కంపెనీని రాకుండా చేయడానికే ఇది రాశారని, కోయంబత్తూరు మిల్లువాళ్ళెవరో ముందే అక్కడ పాగా వేసి ఉంటారని అయ్యర్ గారు తేల్చారు. వాళ్ళు అంతగా దాస్తున్నారంటే అక్కడ మనకు తెలియని లాభం ఏదో ఉందని మేనేజరు అన్నారు. ఇంకేముంది, అయ్యర్ గారిని చూసి రమ్మని పంపుతున్నారు. వద్దన్నట్టు రాశారు గనుకనే వస్తున్నారు. ఇదేం లెక్కో నాకు తెలియదు, వస్తున్నారు, అంతే.

మామయ్యా, ఈసారన్నా నా మాట వినండి. దోషాల ఊసెత్తకండి. ఎద్దుల ఊసు అసలే వద్దు. రోడ్డు పూడ్పించండి. పొలం ధర ఎంతని ఆయన సూటిగా అడుగుతారు. వెంకట్రామయ్య గారిని ముందే అడిగి ఉంచుకోండి.

ఇట్లు,
మీ జీవరత్నం

తా.క.: అయ్యర్ గారికి కాఫీ ముఖ్యం. రోడ్డు లేకపోయినా సర్దుకుంటారు.


నరసరావుపేట,
2 మార్చి 1958

చిరంజీవి జీవరత్నానికి,

మామయ్య దీవెనలు. శుభవార్త. బేరం కుదిరింది.

స్టేషను రోడ్డును రెండు పార్టీల మనుషులూ కలిసి పూడ్చారు. కాంట్రాక్టు ఎవరిదని ఎవరూ అడగలేదు. చైర్మన్ గారు భోజనం మానేసి సాయంత్రం దాకా మెలకువగా ఉన్నారు. అయ్యర్ గారికి స్టేషను దగ్గర బ్రాహ్మణ హోటలు నుంచి కాఫీ తెప్పించాం. మూతపడ్డ జిన్నింగు మిల్లు చూపించాం, గుంటూరుకు బండ్ల మీద పోతున్న పత్తి చూపించాం, వెంకట్రామయ్య పొలంలో బావి నీళ్ళు తాగించాం. నీ మాట విని దోషం ఒక్కటీ చెప్పలేదు. నాలుక దురద పెట్టింది గానీ ఆపుకున్నాను.

పొలం గట్టు మీద నిలబడి ఆయన, ఎకరం ఎంత అని అందరి ముందూ పైకే అడిగాడు. చుట్టూ ఊరంతా ఉంది. అందరూ నేలచూపులు చూశారు. బహుశా మద్రాసులో ధర అట్లా నలుగురిలో అడుగుతారేమో. మన దగ్గర అది మర్యాద కాదు గదా. ఆయన పరువు పోకుండా నేను భుజం మీది తుండుగుడ్డ తీసి ఆయన చేతిమీద కప్పాను. ఎద్దుల సంతలో లాగే లోపల చెయ్యి పెట్టి, వెంకట్రామయ్య చెప్పిన ధరకు ఎన్ని వేళ్ళో అన్ని వేళ్ళు పట్టుకున్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. చెయ్యి లాక్కోబోయాడు. నేనెవరినో ఎవరన్నా చెప్పారేమో, అంటు అనుకుంటున్నాడేమో అని ఒక్క క్షణం అనిపించింది. సంతలో అట్లాంటి వాళ్ళను చూశాను. గుడ్డ కప్పాక వాళ్ళు కూడా ఆ సంగతి మరచిపోయి బేరం చూసుకుంటారు. నేను వదల్లేదు. ఆయన ఒక వేలు లాగేసుకున్నాడు. ధర తగ్గించమంటున్నాడని అర్థమైంది. వెంకట్రామయ్య వైపు చూస్తే తల ఊపాడు, సరేనన్నాను. ఆయన ఇంకో వేలు కూడా లాగబోయాడు. అది మరీ అన్యాయం, గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి రెండో చెయ్యి తెచ్చి గుడ్డ మీద నా చేతిని అదిమాడు. ఖాయమన్నమాట. గుడ్డ తీశాను. వెంకట్రామయ్య కొబ్బరికాయ కొట్టాడు.

అయ్యర్ గారు ఆ తర్వాత రెండో కాఫీ కూడా తాగకుండా దొరికిన బండికి వెళ్ళిపోయాడు. పనిమంతుడు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: బేరంలో మహా గట్టివాడు. నోరు మెదపకుండా నా చేతిలోంచి వేలు లాక్కుపోయినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.


మద్రాసు,
14 మార్చి 1958

పూజ్యులైన మామయ్య గారికి,

నమస్కారాలు. అయ్యర్ గారు ఇచ్చిన రిపోర్టును టైపు చేసింది నేనే. కొంత మీకు తెలుగులో రాస్తున్నాను.

"రాజారత్నం అనే కౌన్సిలరు, చైర్మన్ ఎదుటే, ఊరంతా చూస్తుండగా, నా చేతిమీద గుడ్డ కప్పి, ఎవరికీ కనబడకుండా నా వేళ్ళు నొక్కుతూ లంచం అడిగాడు. ఎంత అడిగాడో నాకు అర్థం కాలేదు. విడిపించుకోబోయిన కొద్దీ ఇంకా గట్టిగా అడిగాడు. రెండో చేత్తో అతణ్ణి తోసెయ్యబోయాను. దానికి అందరూ ఎందుకో సంతోషించారు. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు."

లంచాన్ని చాటుగా అడిగే ఊళ్ళు చూశాం గానీ టెంకాయ కొట్టి తీసుకునే ఊరు ఇదేనని మేనేజరు అన్నారు. మీరు నాకు మేనమామ అవుతారన్న సంగతి ఆరోగ్యస్వామి నోరు జారాడు. అప్పట్నుంచి నాతో ఎవరూ కాఫీకి రావడం లేదు.

ముదలియార్ గారు రిపోర్టు చదివి అయ్యర్ గారిని గదిలోకి పిలిచి తలుపు వేయించారు. ముందు ఏ వేళ్ళు పట్టాడు, తర్వాత ఏది వదిలాడు, చివరికి ఎన్ని మిగిలాయి అని చాలాసేపు అడిగారట. పోలీసు ఫిర్యాదు కోసమే ఆ వివరాలని ఆఫీసంతా అనుకుంటున్నాం.

మామయ్యా, మీరు వెంటనే ముదలియార్ గారికి రాయండి. అది లంచం కాదని రాయండి. నా ఉద్యోగం నిలబడేట్టు నా గురించి కూడా ఒకటి రెండు ముక్కలు రాయండి.

ఇట్లు,
మీ జీవరత్నం

తా.క.: క్షమాపణ చెప్పడానికి మద్రాసు వచ్చే ఆలోచన ఉంటే తుండుగుడ్డ ఇంట్లో పెట్టి రండి.


నరసరావుపేట,
23 మార్చి 1958

చిరంజీవి జీవరత్నానికి,

మామయ్య దీవెనలు. లంచమన్న మాట చదివి రెండు రోజులు సంతకు పోలేదు. తర్వాత కౌన్సిలు మీటింగు పెట్టించాను. రాజారత్నం పట్టింది ధరేగాని లంచం కాదని తీర్మానం చేశారు. రెండు పార్టీలూ చేతులెత్తాయి. మనకు స్వరాజ్యం వచ్చాక ఈ కౌన్సిలులో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇదొక్కటే. దాన్ని ముదలియార్ గారికి పంపాను.

నీ గురించి కూడా రాశాను. పొద్దున ఆలస్యంగా లేస్తావని, రెండు పనులు చెబితే మొదటిది మరచిపోతావని, జ్వరం తగిలితే అవసరమైన దానికన్నా రెండు రోజులు ఎక్కువ పడుకుంటావని, ఇంతకు మించి దోషం లేదని రాశాను. ఇంత మంచి సిఫార్సు మీ ఆఫీసుకు ఎప్పుడూ వచ్చి ఉండదు.

ఇప్పుడు అసలు కష్టం. గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన గిడ్డంగులకు వెంకట్రామయ్య పొలం అడిగాడు. మన ధరకు ఒకటిన్నర రెట్లు ఇస్తానన్నాడు. గిడ్డంగి వస్తే ఇద్దరు కాపలావాళ్ళకు పని, మన పేటకేమీ లేదు. ఆ పొలం పోతే మిల్లుకు వేరే చోటు లేదు. నాకు నిద్ర పట్టలేదు. అయినా పొలం నాది కాదు గదా. పోయి చెప్పాను, కంపెనీవాళ్ళు రారేమో, నువ్వు రెండు విధాలా నష్టపోతావు, అమ్ముకో అని.

ఆయన బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. "నా తరఫున వేళ్ళు పట్టింది నువ్వే. ఇప్పుడొచ్చి వదలమంటావేంది?" అన్నాడు. పొగాకాయనను పంపించేశాడు. ఆయన కొడుకులు తండ్రితో మాట్లాడటం మానేశారు. ఈ సంగతి కూడా ముదలియార్ గారికి రాసి, వచ్చేది రానిది తేల్చి చెప్పండి, మీ మూలంగా మనిషి నష్టపోతున్నాడని ముగించాను.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఉత్తరం పోస్టు చేశాక నీ దోషం ఇంకొకటి గుర్తొచ్చింది. వెంటనే కార్డు వేశాను.


మద్రాసు,
8 ఏప్రిల్ 1958

పూజ్యులైన మామయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరమూ కార్డూ కూడా వచ్చాయి. కార్డు కదా, ముదలియార్ గారి కన్నా ముందు ప్యూను చదివాడు, తర్వాత ఆఫీసంతా చదివింది. జీతం చాలడం లేదని నేను ఇంటికి రాస్తుంటానన్నది ఇప్పుడు అందరికీ తెలుసు.

ముదలియార్ గారు వారం నుంచి కనబడటం లేదు. ఎక్కడికి పోయారో ఇంట్లో కూడా చెప్పలేదట. చిన్న సంచీ ఒకటి పట్టుకుని సెంట్రల్ స్టేషనుకు పోయారని డ్రైవరు అన్నాడు. అవతలి ఊళ్ళో స్థలం ఖాయం చేయడానికేనని మేనేజరు అంటున్నారు. ఆ ఊరితో ఒప్పందం కాగితాలు సిద్ధం చేయమన్నారు. తేదీ వదిలి మిగతాదంతా టైపు చేశాను.

వెంకట్రామయ్య గారిని పొగాకు వ్యాపారి కాళ్ళు పట్టుకోమనండి. మీరు మాత్రం పదవికి రాజీనామా చేయకండి. మీరు చేయాల్సిందంతా చేశారు. కొంచెం ఎక్కువే చేశారు.

ఇట్లు,
మీ జీవరత్నం

తా.క.: నా ఉద్యోగం పోయేట్టుంది. సాగర్‌లో రాళ్ళు కొట్టడానికి టైపింగు ఎంతవరకు పనికొస్తుందో మన వాళ్ళను కనుక్కోండి.


నరసరావుపేట,
11 ఏప్రిల్ 1958

చిరంజీవి జీవరత్నానికి,

మామయ్య దీవెనలు. నీ ఉత్తరం ఇందాకే అందింది. తీరిగ్గా కూర్చుని చదువు.

ఈస్టరుకు ముందు శనివారం సంతలో బండి తోలే సుభానీ ఎద్దుల జతను అమ్మకానికి పెట్టాను. ఒక ముసలాయన వచ్చాడు. మోకాళ్ళ కిందికి పంచె, చేతిలో సంచీ, వచ్చీరాని తెలుగు. అరవ దేశం నుంచి మన ఎద్దుల కోసం వస్తుంటారు గదా, వాళ్ళలో ఒకడనుకున్నాను. దోషాలు చెప్పాను. ఎడమది బురద చూస్తే మోకాళ్ళు వేస్తుందని, కుడిది కొత్త మనిషి తోలితే కదలదని. ఆయన అంతా విని, నేను తుండుగుడ్డ తీసేలోపే తన కండువా నా చేతిమీద వేశాడు.

అట్లాంటి చెయ్యి నేను పట్టలేదు. వేలు తగ్గించడం అందరూ చేస్తారు, ఆయన కణుపు దగ్గర నొక్కి సగం వేలు తగ్గించాడు. నాకు చెమటలు పట్టాయి. సుభానీ అనుకున్న దానికన్నా తక్కువకే వదిలాను.

"ఎద్దులు బాగున్నాయి. రైలుగేటు పొలం చూపించు" అన్నాడు.

అది అమ్మకానికి లేదు, మద్రాసు కంపెనీతో బేరమైపోయిందన్నాను. అయినా చూస్తానన్నాడు. తీసుకుపోయాను. వెంకట్రామయ్య అక్కడే ఉన్నాడు. పొగాకాయన కన్నా ఎక్కువిస్తా, నాకు అమ్మమన్నాడు ముసలాయన. అది వేళ్ళు పట్టిన పొలమని వెంకట్రామయ్య అన్నాడు.

"పట్టినవాడికి ఏం పట్టాడో తెలియదంట గదా?"

"ఆయనకు తెలవకపోతే ఏంది, మాకు తెలుసుగా" అన్నాడు వెంకట్రామయ్య.

ముసలాయన గట్టు మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. వెంకట్రామయ్యను వంగమని చెవిలో ఒక ధర చెప్పాడు. వెంకట్రామయ్య నా వైపు తిరిగి, నువ్వు గాని చెప్పావా అన్నాడు. ఎకరానికి మేం ఖాయం చేసిన ధర అది, పైసా తేడా లేదు.

ఆయనే మీ ముదలియార్. వాళ్ళ నాన్న ఈరోడ్ సంతలో ఎద్దుల దళారీ అట. ఈయన పెరిగింది ఆ సంతలోనే. ఊరి దోషాలు రాసిన ఉత్తరం చూసినప్పుడే, ఎవడో సంత మనిషి అమ్మకానికి కూర్చున్నాడని కనిపెట్టాడట. అయ్యర్ గారు వేళ్ళ సంగతి చెబుతుంటే ధర లెక్కగట్టుకుంటూ పోయాడట. మీ మేనేజరు నవ్వుతాడని ఎవరికీ చెప్పలేదు. "స్టాంపు కాగితాల మీద రాసుకున్న నా బేరాలు సగం కోర్టులో ఉన్నాయి. తెలియని చేత్తో పట్టిన బేరాన్ని నిలబెట్టుకున్న ఊరు నాకు కావాలి" అన్నాడు.

సోమవారం పొలం రిజిస్టరైంది. అదే ధర. వెంకట్రామయ్య కొడుకులే బండి కట్టి ఆయన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయారు. నా దళారీ డబ్బు ఎంతని ముదలియార్ గారు అడిగాడు. రొక్కం వద్దు, గోడలు లేచేటప్పుడు మా పేటవాళ్ళకు కూలి, లేచాక లోపల పని ఇమ్మన్నాను. ఎంతమందికి అన్నాడు. మళ్ళీ కండువా కప్పాడు. ఈసారి నేను ఒక్క కణుపు కూడా వదల్లేదు. కౌన్సిలులో చెప్పగానే చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. అప్పటికి ఆయన భోజనం కూడా అయింది.

మన మగవాళ్ళు ఈస్టరుకని సాగర్ నుంచి వచ్చారు. బుధవారం పొద్దున వాళ్ళను తీసుకుపోవడానికి లారీ వచ్చి పేట మొదట్లో నిలబడి హారన్ కొట్టింది. ఎవరూ ఎక్కలేదు. డ్రైవరు దిగి వచ్చి, "ఏందమ్మా, ఒక్కడూ లేడేంది?" అని మరియదాసు భార్య ఎలిజబెత్‌ను అడిగాడు.

"రైలుగేటు కాడ తుమ్మచెట్లు కొడతన్నారు. డ్యాము కాడ మా ఆయన గునపం ఉండిపోయింది. ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా" అంది.

లారీ ఖాళీగా పోయింది. నేను మీ అత్తయ్యతో కలిసి అది మలుపు తిరిగేదాకా చూశాను. దళారీ డబ్బు వదులుకున్నానని ఆమె అప్పటికి రెండు రోజులుగా నన్ను తిడుతోంది. లారీ మలుపు తిరిగాకే మళ్ళీ అందుకుంది.

ఇట్లు,
మీ మామయ్య రాజారత్నం

తా.క.: ముదలియార్ గారు నిన్నటి బండికి బయలుదేరాడు. ఇక్కడికి వచ్చిన సంగతి ఆయన చెప్పేదాకా ఆఫీసులో నువ్వు చెప్పకు. ఇంకో సంగతి. నన్ను పరీక్షించడానికే సుభానీ ఎద్దులకు బేరమాడాడనుకున్నాను. బేరం బేరమేనని డబ్బిచ్చి కొనేశాడు. ఇంటి వెనక కట్టేసుకుంటాడట. రేపు గూడ్సులో మద్రాసు పంపుతున్నాం. స్టేషనులో దించుకోవాల్సింది నువ్వేనని నీ పేరు రాయించాడు. నటేశయ్యర్ గారిని కూడా తోడు తీసుకుపో.